ఖైదీలకు, వాళ్ల ఇంటివాళ్లకు తోడుగా నిలవడం: అపోహలు - వాస్తవాలు

ఖైదీలకు, విడుదలై వచ్చినవాళ్లకు, వాళ్ల కుటుంబాలకు సాయపడే స్వచ్ఛంద సంస్థలో కొత్త వాలంటీర్లకు శిక్షణ ఇవ్వడం నా పని. వచ్చినవాళ్లలో కొందరికి భయాలుంటాయి, కొందరికి అతి ఉత్సాహం ఉంటుంది. ఈ రెండోదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. దాని దెబ్బ చివరికి అవతలి మనిషికే తగులుతుంది.

అపోహ: నేరం చేసినవాళ్లకు సాయం చేయడమంటే నేరాన్ని వెనకేసుకురావడమే.

ప్రపంచంలో కోటి మందికి పైగా జైళ్లలో ఉన్నారు. వాళ్లలో ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదు. రిమాండులో ఉండి విచారణకో తీర్పుకో ఎదురుచూస్తున్నారు. శిక్ష పడినవాళ్లలోనూ ఎక్కువమంది ఏదో ఒక రోజు బయటికొచ్చి మన మధ్యే బతకాలి. వాళ్లు మళ్లీ నేరంలోకి జారకపోతే ఇంకో బాధితుడు ఉండడు. అందుకే ఈ పనిని బాధితులకు వ్యతిరేకంగా నేను ఎప్పుడూ చూడలేదు. అయితే ఒక విషయంలో గట్టిగా ఉంటాను. "పాపం, చిన్న తప్పేగా" అని ఎవరి నేరాన్నీ తేలిక చేసి మాట్లాడనివ్వను. నష్టపోయిన మనిషి ఒకరు ఎక్కడో ఉన్నారు.

అపోహ: శిక్ష ఖైదీకే, ఇంట్లోవాళ్లకేం కాదు.

సంపాదించే మనిషి లోపలికి వెళ్తే అద్దె, పిల్లల ఫీజులు, లాయరు ఖర్చు అన్నీ మిగిలినవాళ్ల మీద పడతాయి. బంధువులు ఫోన్ ఎత్తడం మానేస్తారు. ములాఖత్ కోసం పొద్దున్నే బయల్దేరి వెళ్తే, ఏదో గుర్తింపు కార్డు లేదని గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. ఆ రోజు సంపాదనా పోయింది, దారి ఖర్చులూ పోయాయి. లోపలున్న మనిషేమో "నన్ను వదిలేశారు" అనుకుంటాడు. ఏ కాగితాలు కావాలి, ఏ వస్తువులు లోపలికి పంపనివ్వరు, టైమింగ్స్ ఏమైనా మారాయా అన్నది వాలంటీరు ముందు రోజే ఫోన్ చేసి చెప్తే ఇదంతా తప్పుతుంది. మేం చేసే పనుల్లో ఇంత విలువైనవి తక్కువ.

పిల్లల సంగతి ఇంకా సున్నితం. "నాన్న పనిమీద ఊరెళ్లాడు" అని చెప్పడం పెద్దలకు సులువు. బడిలో వేరేవాళ్ల నోటి నుంచి నిజం తెలిసిన రోజున ఆ పిల్లకు నాన్న మీదే కాదు, అమ్మ మీద కూడా నమ్మకం పోతుంది. తనవల్లే ఇలా జరిగిందని నమ్మే పిల్లలూ ఉంటారు. వయసుకు తగినంత నిజం చెప్పమని, "ఇందులో నీ తప్పేం లేదమ్మా" అని మళ్లీ మళ్లీ చెప్పమని తల్లికి సలహా ఇస్తాం. చెప్పేది మాత్రం ఆమే. ఆ బాధ్యత వాలంటీరు తీసుకోకూడదు.

తల్లిదండ్రులకు దూరమైన పిల్లలకు వాళ్లతో క్రమం తప్పకుండా కలిసే హక్కు ఉందని ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒప్పందంలోని 9వ అధికరణ చెబుతుంది. అది బిడ్డ మేలుకు విరుద్ధంగా ఉంటే తప్ప అనే షరతు కూడా అందులోనే ఉంది. ఆ షరతును మర్చిపోవద్దు. ఖైదీ చేతిలో హింస అనుభవించిన భార్యాపిల్లలను ములాఖత్‌కు వెళ్లమని ఒత్తిడి పెట్టే హక్కు ఎవరికీ లేదు.

కలవాలనుకునే కుటుంబాల విషయంలో మాత్రం ములాఖత్ ప్రభావం లెక్కల్లో కూడా కనిపించింది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర జైళ్ల శాఖ 2003-2007 మధ్య విడుదలైన 16 వేల మందికి పైగా ఖైదీలను పరిశీలించి 2011లో నివేదిక ఇచ్చింది. ఒక్క ములాఖత్ అయినా దొరికినవాళ్లకు తీవ్రమైన నేరంలో మళ్లీ శిక్షపడే ముప్పు 13 శాతం తక్కువగా ఉంది.

అపోహ: జైలు లోపలికి వెళ్లడం ప్రాణాలకే ప్రమాదం.

వాలంటీర్ల ఇంటివాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ తనిఖీ, శిక్షణ, దగ్గర్లో సిబ్బంది లేకుండా వాలంటీర్‌ను ఖైదీల దగ్గరికి పంపరు, పంపకూడదు. అసలు ప్రమాదం మెత్తగా వస్తుంది. ముందు పొగడ్త. తర్వాత, "ఈ ఒక్క ఉత్తరం బయట పోస్ట్ చేయండి", "మా ఆవిడకు ఫోన్ చేసి బాగున్నానని చెప్పండి చాలు". సరేనంటే రెండో కోరిక పెద్దదవుతుంది. కాదంటే మొదటిది బయటపెడతామన్న బెదిరింపు వస్తుంది. అడిగిన ప్రతివాళ్లకూ దురుద్దేశం ఉందని నేననడం లేదు. ఆ ఫోన్ నిజంగా భార్యకో, ఒక సాక్షికో మనకు తెలిసే వీల్లేదు. "అది నేను చేయలేనండీ, ఎవరిని అడగాలో చెప్తాను" అనండి. జరిగింది అదే రోజు మీ సంస్థకు చెప్పండి. మీ ఫోన్ నంబరు ఇవ్వొద్దు, అప్పు ఇవ్వొద్దు. "ఎవరికీ చెప్పను" అని మాట కూడా ఇవ్వొద్దు. ప్రాణహాని గురించో, ఒక పిల్లకు జరుగుతున్న హాని గురించో విన్నాక ఆ మాట నిలబెట్టుకోలేరు.

అపోహ: లాయరో సైకాలజిస్టో అయితేనే పనికొస్తారు.

అక్కర్లేదు. చదవడం నేర్పడం, దరఖాస్తులు నింపడం, ములాఖత్ గదిలో పిల్లలతో కూర్చోవడం ఎవరైనా చేయొచ్చు. కేసు గురించి సలహా మాత్రం లాయరే ఇవ్వాలి.

అపోహ: విడుదలైతే కష్టాలు తీరినట్టే.

అతి ప్రమాదకరమైన రోజులు అప్పుడే మొదలవుతాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్ల మీద 2007లో వచ్చిన అధ్యయనం ప్రకారం, బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో వాళ్ల మరణ ముప్పు మామూలు జనం కంటే 12.7 రెట్లు ఎక్కువ. అన్నిటికంటే పెద్ద కారణం డ్రగ్స్ మోతాదు మించడం. లోపల మానేసి ఉండటంతో శరీరం తట్టుకునే శక్తి తగ్గుతుంది. పాత మోతాదే ప్రాణం తీస్తుంది. దీనికి తోడు పడుకోవడానికి చోటు, గుర్తింపు పత్రాలు, అయిపోకుండా మందులు చూసుకోవాలి. విడుదలయ్యేవాళ్లకు పత్రాలు, ఇల్లు, పని, తగిన బట్టలు, గమ్యం చేరే ఖర్చు అందేలా చూడాలని ఖైదీలను ఎలా చూడాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 108వది చెబుతుంది. చాలాచోట్ల ఇది కాగితం మీదే ఉంది. అందుకే మాకు గేటు బయట నిలబడే మనుషులు కావాలి.

అపోహ: మంచి వాలంటీర్ మనిషిని మార్చేస్తాడు.

మారేది ఆ మనిషే. కెనడాలోని ఒంటారియోలో 1994లో మొదలైన ఒక పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. లైంగిక నేరాలకు శిక్ష అనుభవించి వచ్చిన ఒక్కరిని కొద్దిమంది వాలంటీర్లు క్రమం తప్పకుండా కలుస్తారు. తోడుగా ఉంటారు, తప్పుదారి పడుతున్నట్టు అనిపిస్తే మొహం మీదే అడుగుతారు. రెండూ కలిసే జరగాలి. ఒక్కరే అంతా మోయాలని చూస్తే త్వరగా అలసిపోయి, చెప్పకుండా మానేస్తారు. అందరూ వదిలేసి వెళ్లిన మనిషికి అది ఇంకో దెబ్బ. కాబట్టి వారం వారం రాలేకపోతే నెలకోసారి అని చెప్పండి, ఆ రోజు తప్పకుండా రండి. మానేయాల్సి వస్తే చివరిసారి ఎప్పుడో ముందే చెప్పండి. వీలైతే మీ తర్వాత వచ్చేవాళ్లను మీరే తీసుకొచ్చి పరిచయం చేయండి.