పాత గ్రాఫిక్స్ కార్డు కొనేముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత గ్రాఫిక్స్ కార్డును పరీక్షించి చెప్పమని మా మరమ్మతు దుకాణానికి తెచ్చేవారిలో చాలామంది ముందుగా అడిగేది, "ఇది ఎన్ని జీబీ కార్డండీ?" అని. కొనేవారి డబ్బును అన్నిటికంటే ఎక్కువగా నీళ్లపాలు చేస్తున్న అపోహ ఆ ప్రశ్నలోనే ఉంది.

అపోహ: జీబీలు ఎక్కువైతే కార్డు వేగం ఎక్కువ.

వాస్తవం: గేముకు కావలసిన టెక్స్‌చర్ల (వస్తువులపై పరిచే బొమ్మల) వంటివి కార్డు మెమొరీలో ఎన్ని పడతాయో మాత్రమే జీబీలు చెబుతాయి. అవి చిప్పుకు ఎంత త్వరగా అందుతాయి, అందినవాటిని చిప్పు ఎంత త్వరగా లెక్కకడుతుంది అన్నవి వేరే విషయాలు. 2014లో వచ్చిన ఎన్‌విడియా కార్డు జీటీ 730లో 64 బిట్ల బస్సు (మెమొరీకీ చిప్పుకూ మధ్య డేటా నడిచే దారి), నెమ్మదైన డీడీఆర్3 మెమొరీ ఉన్న రకాన్ని చూడండి. బిట్టుకు సెకనుకు 1.8 గిగాబిట్ల చొప్పున 64 బిట్లకు లెక్కకట్టి, 8తో భాగిస్తే (8 బిట్లు ఒక బైటు కనుక) సెకనుకు 14.4 జీబీ వస్తుంది. 2016 నాటి జీటీఎక్స్ 1050లో బస్సు 128 బిట్లు, జీడీడీఆర్5 మెమొరీ రేటు 7 గిగాబిట్లు కనుక అదే లెక్క 112 జీబీ దగ్గర తేలుతుంది. పైగా మొదటిదానిలో 384 కోర్లు (లెక్కలు చేసే భాగాలు) ఉంటే, రెండోదానిలో 640 ఉన్నాయి.

ఒక పెద్దాయన ఇంటర్ చదివే కొడుకు కోసం, 2 జీబీ జీటీఎక్స్ 1050ని కాదని 4 జీబీ జీటీ 730ని కొని తెచ్చారు. గేము ఆగి ఆగి నడుస్తుంటే, ఏ సెట్టింగు తానే పాడుచేశాడోనని పిల్లవాడు హడలిపోయాడు. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి మెమొరీ రకం, బస్సు వెడల్పు ఉన్న రెండు వరుసలు చూపించి, తప్పు అతనిది కాదని చెప్పాకే అతని ముఖం తేటపడింది. అమ్మినతను అబద్ధమేమీ ఆడలేదు, జీబీలు నిజంగానే నాలుగున్నాయి.

పేరు ఒకటే అయినంత మాత్రాన సరుకు ఒకటే అనుకోకూడదు. జీటీ 1030లో జీడీడీఆర్5 రకం సెకనుకు 48 జీబీ అందిస్తే, డీడీఆర్4 రకం 16.8 జీబీ దగ్గరే ఆగిపోతుంది. జీటీఎక్స్ 1060లో 6 జీబీ కార్డుకు 1280 కోర్లు, 3 జీబీ కార్డుకు 1152 మాత్రమే. ఏఎండీ కార్డు ఆర్ఎక్స్ 580లో 2304 షేడర్లకు (కోర్లవంటివే) బదులు 2048 ఉన్న రకం కూడా మార్కెట్లో తిరుగుతోంది. అది దాదాపుగా ఆర్ఎక్స్ 570యే.

అపోహ: మైనింగ్‌లో (డిజిటల్ కరెన్సీ సంపాదనకు కార్డుతో లెక్కలు చేయించడంలో) వాడిన కార్డు చచ్చిన కార్డే.

వాస్తవం: 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే డిజిటల్ కరెన్సీ మైనింగ్ ఆగిపోయాక ఇలాంటి కార్డులు గుట్టలుగా అమ్మకానికి రావడంతో ఈ భయం బాగా ముదిరింది. వోల్టేజీ తగ్గించి, ఒకే వేడిమి దగ్గర నిలకడగా నడిపిన చిప్పు అంత తేలిగ్గా చెడదు. అరిగేవి ఫ్యాన్ బేరింగులు, ఎండిపోయేవి చిప్పు వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్టు, ప్యాడ్లు. ఆరా తీయవలసిన మరో విషయం, మెమొరీ టైమింగులు మార్చిన బయోస్ (కార్డును నడిపించే లోపలి ప్రోగ్రామ్) ఇంకా అందులోనే ఉందా అన్నది. కనీసం అరగంట భారీ గేము నడిపి, తెరపై చుక్కలు, గళ్లు కనబడుతున్నాయేమో చూసి కొనండి. విన్నమాటలు పట్టుకుని మంచి కార్డును వదులుకోనక్కరలేదు.

పాత మదర్‌బోర్డుపై కార్డును గుచ్చే పీసీఐఈ 2.0 స్లాటులో 3.0 కార్డు పనిచేయదన్న మాట నిజం కాదు, పనిచేస్తుంది. చెడిన కార్డును ఓవెన్‌లో కాలిస్తే బాగుపడుతుందన్న వదంతిని నమ్మి వంట చేసుకునే ఓవెన్‌ను పాడుచేసుకోకండి. ఒకవేళ బొమ్మ వచ్చినా ఎక్కువ రోజులు నిలవదు.

ఇక నకిలీలు: పాత జీటీఎస్ 450 చిప్పుకు మార్చిన బయోస్ ఎక్కించి జీటీఎక్స్ 1050 టీఐగా అమ్ముతున్నారు. 1050 టీఐ చిప్పుకు అనలాగ్ అవుట్‌పుట్ లేదు కనుక, ఆ పేరుతో ఉన్న కార్డుకు అనలాగ్ రకమైన వీజీఏ పోర్టు కనబడితే అక్కడే అనుమానించాలి. జీపీయూ-జెడ్ పేరు ముందు ఫేక్ అని చూపితే, డ్రైవర్లతో కుస్తీ పట్టకుండా, వాపసు గడువు దాటకముందే కార్డును తిప్పి పంపండి.