నాన్న పోయాక తుపాకీ: అపోహలు, వాస్తవాలు

పోయిన నెలలో ఒకాయన మా కొట్టు ముందు బైకు ఆపి, పాత పంచెలో చుట్టి గోనెసంచిలో దూర్చిన పొడుగాటి మూట ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. విప్పితే పన్నెండు బోరు డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ. "నాన్న పోయి నాలుగేళ్లయిందండీ. లైసెన్సుకి ఇంకా పది నెలల గడువుంది. అది అయిపోయేలోపు అమ్మేద్దామని వచ్చాను" అన్నాడు. అలవాటు కొద్దీ ముందు గొట్టాలు మడిచి చూశాను. ఎడమ గొట్టంలో తూటా ఉంది. కాగితం తొడుగున్న పాతకాలపు తూటా, చెమ్మకి ఉబ్బి గొట్టానికి అతుక్కుపోయింది. నాలుగేళ్లు బీరువాలో ఉన్నది, ఆ పూట నలభై కిలోమీటర్లు బైకు మీద ప్రయాణం చేసింది కూడా లోడు చేసిన తుపాకీయే. వెనక పదేళ్ల కొడుకుని కూర్చోబెట్టుకుని మరీ వచ్చాడు. ఆయనకి మంచినీళ్లిచ్చి, నేనూ తాగి, అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టాను.

మాది లైసెన్సున్న ఆయుధాల దుకాణం. నాన్న పెట్టింది, నేను నడుపుతున్నాను. ఈ రోజుల్లో కొత్త తుపాకులు కొనేవాళ్లు తక్కువ. డిపాజిట్లు (తుపాకీ మా దగ్గర అప్పగించి ఉంచడం), మరమ్మతులు, అంతకంటే ఎక్కువగా ఇలాంటి ప్రశ్నలు. చాలామంది చేసేది ఒకే తప్పు. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను, మిగతావి తొందరగా చెప్పేస్తాను.

అపోహ: లైసెన్సు మీద గడువు ఉన్నంతకాలం తుపాకీ ఇంట్లో ఉండొచ్చు.

లేదు. లైసెన్సు మనిషికి ఇస్తారు, తుపాకీకి కాదు, ఇంటికీ కాదు. ఆ మనిషి కన్నుమూసిన రోజే ఆ పుస్తకం పని అయిపోయింది. దాని మీద 2029 వరకు అని ముద్ర ఉన్నా సరే. ఆ తర్వాత బీరువాలో ఉన్నది లైసెన్సు లేని తుపాకీ, దాన్ని పెట్టుకున్నది ఇంట్లో మిగిలినవాళ్లు. 1959 ఆయుధాల చట్టంలో లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే 25వ సెక్షన్. 2019లో చట్టం మార్చాక దీనికి శిక్ష కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు, పైగా జరిమానా. "మేం వాడలేదండీ, ముట్టుకోలేదు కూడా" అంటారు. వాడారా లేదా అని కాదు చట్టం అడిగేది, ఉంచుకున్నారా లేదా అని.

ఇది విన్నాక మనుషులకి వచ్చే రెండో ఆలోచన మొదటిదానికంటే ప్రమాదం. "అమ్మో, ఇప్పుడు స్టేషన్‌కి వెళ్తే కేసు పెడతారు, ఎందుకొచ్చిన గొడవ, బావిలో పడేద్దాం." నవ్వకండి. చెప్పాపెట్టకుండా పాడుబడ్డ బావిలో వేసేసిన కుటుంబం నాకు తెలుసు. ఎన్నికలప్పుడు తుపాకులు డిపాజిట్ చేయమంటారు కదా, దానికోసం స్టేషన్‌లో లెక్కలు తీస్తే ఆ నంబరు తుపాకీ డిపాజిట్ కాలేదని తేలింది, కానిస్టేబులు ఇంటికొచ్చాడు. అప్పుడు ఇంటావిడ ఏడుస్తూ బావి చూపించింది. మోటారు పెట్టి రెండు రోజులు నీళ్లు తోడారు. తుపాకీ దొరికింది కాబట్టి సరిపోయింది. దొరక్కపోతే? ఆ నంబరు రిజిస్టరులో ఉంటుంది, జాతీయ డేటాబేసులో ఉంటుంది. మీరు పారేసినా అది మీ పేరునే వెతుక్కుంటూ వస్తుంది.

నిజానికి చట్టం ఈ భయాన్ని ముందే ఊహించింది. 21వ సెక్షన్ అందుకే ఉంది. లైసెన్సుదారుడు చనిపోయినా, లైసెన్సు రద్దయినా, గడువు తీరినా, ఆయుధాన్ని అనవసరంగా ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. అంతే. డిపాజిట్ చేస్తే పోయినట్టు కాదు. వారసులు తమ పేరున లైసెన్సు తెచ్చుకుని వెనక్కి తీసుకోవచ్చు. అక్కర్లేకపోతే లైసెన్సు ఉన్నవాళ్లకి అమ్ముకోవచ్చు, ఆ డబ్బు వారసులదే. ఈ హక్కు అదే సెక్షన్‌లో రాసి ఉంది. అయితే డిపాజిట్ చేసి మర్చిపోవద్దు. నిర్ణీత గడువులోగా ఏదో ఒకటి తేల్చకపోతే నోటీసిచ్చి జప్తు చేసే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకి ఉంది.

ఎలా వెళ్లాలి అని అడుగుతారు. తుపాకీ పట్టుకుని ముందు వెళ్లకండి. పెద్దకర్మ అయ్యేదాకా కూడా ఆగక్కర్లేదు, ఇంట్లో ఎవరో ఒకరు స్టేషన్‌కి ఒక కాగితం ఇస్తే చాలు: ఫలానా వ్యక్తి ఫలానా తేదీన చనిపోయారు, ఆయన లైసెన్సు నంబరు ఇది, తుపాకీ నంబరు ఇది, ఇన్ని తూటాలున్నాయి, డిపాజిట్ చేయడానికి సిద్ధంగా ఉన్నాం. మరణ ధృవపత్రం వచ్చి ఉంటే నకలు జత చేయండి. ఆ కాగితం మీద స్టేషన్ ముద్ర వేయించుకున్నారంటే దాచలేదనడానికి మీ దగ్గర సాక్ష్యం ఉన్నట్టే. తర్వాత వాళ్లు వచ్చి తీసుకెళ్తారో, మిమ్మల్నే తెమ్మంటారో వాళ్లు చెప్తారు. తుపాకీలు తెలియని ఇంట్లో అయితే మడిచి చూసే సాహసం కూడా చేయొద్దు. తెలిసినవాళ్లని పిలవండి.

బైకు మీద వచ్చినాయనకీ అదే చేశాం. తూటా తీయడానికే నాకు అరగంట పట్టింది. రిజిస్టరులో రాసుకుని ఆ రోజే స్టేషన్‌కి తెలియజేశాను. ఇన్‌స్పెక్టరు నాలుగేళ్ల ఆలస్యానికి గట్టిగా చీవాట్లు పెట్టాడు, ఈయన తల వంచుకుని నిలబడ్డాడు. ఫైలు ఇంకా కలెక్టరేట్‌లో ఉంది. దాచిపెట్టి పట్టుబడటం వేరు, ఆలస్యంగానైనా తనంతట తాను రావడం వేరు. ఇన్నేళ్లలో ఆ తేడా చాలాసార్లు చూశాను.

దీనికి తోడు ఇంకో అపోహ ఉంది: "పెద్ద కొడుకుని నేనే కాబట్టి తుపాకీ ఆటోమేటిక్‌గా నాదే." ఆస్తిగా అందరు వారసులదీ. లైసెన్సు మాత్రం దరఖాస్తు పెట్టి తెచ్చుకోవాలి. 2016 ఆయుధాల నిబంధనల్లో 25వ నిబంధన వారసత్వ లైసెన్సుల గురించే. మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదని అఫిడవిట్, కుటుంబ సభ్యుల ధృవపత్రం, పోలీసు విచారణ, వైద్య పరీక్ష, ఆయుధం వాడకంలో శిక్షణ, ఇవన్నీ ఉంటాయి. చెల్లెలు సంతకం పెట్టకపోతే ఆగిపోతుంది. పొలం గట్టు తగాదా తుపాకీ ఫైలు మీద తేలిన ఇళ్లు బోలెడు.

ఎవరూ వాడుకోని మంచి దారి కూడా ఆ నిబంధనలోనే ఉంది. లైసెన్సుదారుడికి 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, ఏది ముందైతే అది, బతికుండగానే వారసుడి పేరు మీదకి మార్చుకోవచ్చు. పెద్దాయన స్వయంగా వచ్చి సంతకం పెడతారు, తగాదా ఉండదు, మరణ ధృవపత్రం అక్కర్లేదు. నేను ఈ మాట చెప్తే చాలామంది చిన్నబుచ్చుకుంటారు. "నాన్నతో ఆ మాట ఎలా అనడం?" అంటారు. మా నాన్నతో నేను అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు తనే ఫారం తెమ్మన్నాడు.

ఒకటి గుర్తుంచుకోండి. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకులన్నది రెండుకి తగ్గింది. వారసత్వంగా వచ్చినా ఆ లెక్కే. ఇప్పటికే రెండున్న కొడుకు తండ్రిది మూడోది ఉంచుకోలేడు. అదే సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. ఐదేళ్లంటే మనుషులు పూర్తిగా మర్చిపోతున్నారు. రెండు నెలల ముందే రెన్యువల్ పెట్టుకోండి, ఆఖరి వారం పరిగెత్తుకు రావద్దు.

"తాతల కాలంనాటిది, తుప్పు పట్టింది, పేలదు, దానికి లైసెన్సెందుకు?" ఇదీ రోజూ వినే మాట. చట్టంలో 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కానీ ఇచ్చింది మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనికిరాని పురాతన ఆయుధాలకి. స్ప్రింగు విరిగిపోయి పేలకపోతే అది చెడిపోయిన తుపాకీ, స్ప్రింగు మారిస్తే పేలుతుంది. తేల్చాల్సింది మీరూ కాదు, నేనూ కాదు. నమ్మకం లేకపోతే ముందు డిపాజిట్ చేసి తర్వాత వాదించుకోండి.

ఇక తూటాలు. డాలస్‌లో ఉండే మా అక్క కొడుకు వాళ్ల గ్యారేజీలో ప్రెస్సు బిగించుకుని, కాల్చిన గుల్లల్లో కొత్త ప్రైమరు (మందుని అంటించే టోపీ), మందు, గుండు పెట్టి తనే తూటాలు తయారు చేసుకుంటాడు. అక్కడ సొంత వాడకానికి దానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. "మామయ్యా, శక్తిమాన్ బ్రాండు తూటాలకి అంత డబ్బు పోసే బదులు నువ్వూ ఇలా చేసుకోవచ్చుగా, ప్రెస్సు పట్టుకొస్తాను" అని ఫోన్లో ఉత్సాహపడ్డాడు. ఒరే నాయనా, మన చట్టంలో తూటాలు తయారు చేసే యంత్రం కూడా మందుగుండు నిర్వచనంలోకే వస్తుందిరా అని చెప్పేసరికి నమ్మలేదు, సెక్షను చదివి వినిపించాల్సి వచ్చింది. ఇంట్లో మామూలు లైసెన్సుదారుడు తూటాలు నింపుకుంటే అది అనుమతి లేని తయారీ. దానికి శిక్ష ఏడేళ్ల నుంచి మొదలై యావజ్జీవం దాకా వెళ్తుంది. వీడియోలు చూసి ఉత్సాహపడే కుర్రాళ్లు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి.

అమెరికా నుంచి వచ్చేవాళ్లకి ఇంకో మాట. తుపాకీ కాల్చే రేంజికి తీసుకెళ్లిన బ్యాగునే ఊరి ప్రయాణానికి వాడకండి. మాకు తెలిసినవాళ్ల అబ్బాయి తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో ఆగిపోయాడు. బ్యాగు అస్తరులో ఒకే ఒక తూటా. కేసు రాశారు, విమానం పోయింది. తెలిసి దగ్గర పెట్టుకుంటేనే నేరమని సుప్రీంకోర్టు 1994లో సంజయ్ దత్ కేసులో చెప్పింది, ఇలాంటి ఒక్క తూటా కేసులు హైకోర్టుల్లో కొట్టేస్తూనే ఉన్నారు. కానీ కొట్టేసేదాకా వకీలు, వాయిదాలు, ఉద్యోగం టెన్షన్. వాళ్లమ్మ రోజూ ఫోన్ చేసేది. జైలుకేం వెళ్లడమ్మా అని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

కత్తులు సేకరించేవాళ్లకి పెద్ద భయం అక్కర్లేదు, పెద్ద ధైర్యమూ వద్దు. తొమ్మిది అంగుళాల పొడవో, రెండు అంగుళాల వెడల్పో దాటిన కత్తులు, ఖుక్రీలు, బాకులు, ఈటెలు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ఇంటికీ, పొలానికీ పనికొచ్చేలా చేసినవి లేవు. కొడవలికీ కొబ్బరిబొండాల కత్తికీ ఎవరూ లైసెన్సు అడగరు. జాబితాలో ఉన్నవాటికి కూడా ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లోనే లైసెన్సు కావాలి. గోడకి తగిలించుకుంటే ఒకటి, నడిబజారులో తల్వారుతో పుట్టినరోజు కేకు కోసి ఫోటో పెడితే ఇంకొకటి. రెండోదానికి తెల్లారేసరికి స్టేషన్ నుంచి పిలుపొస్తుంది. ఆయుధపూజకి తాత కత్తి బయటికి తీసి, పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ లోపల పెట్టుకోండి.

హక్కుల గొడవ కూడా మా బల్ల ముందే నడుస్తుంటుంది. అమెరికాలో తుపాకీ ఉంచుకోవడానికి రాజ్యాంగం హక్కిచ్చింది, అక్కడి సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన హెల్లర్ తీర్పు, 2022లో ఇచ్చిన బ్రూయెన్ తీర్పు దాన్ని ఇంకా గట్టి చేశాయి. మన దగ్గర అలాంటి రాజ్యాంగ హక్కు లేదు. 2023లో మన సుప్రీంకోర్టు ఒక కేసులో ఈ తేడానే ఎత్తి చూపించింది. కర్ణాటకలో కూర్గ్ ప్రాంతపు కొడవ జాతివాళ్లకి ఉందిగా అంటారు. అది లైసెన్సు నుంచి కేంద్రం ఇచ్చిన మినహాయింపు, 2029 అక్టోబరు వరకు పొడిగించింది, 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. మినహాయింపు వేరు, హక్కు వేరు.

అలాగని పూర్తిగా అధికారుల దయాదాక్షిణ్యమూ కాదు. ఈ సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఆత్మరక్షణకో, ఆటకో ఇరవై అంగుళాలకి తగ్గని, లోపల నునుపుగా ఉండే గొట్టమున్న తుపాకీ, పంట కాపలాకి ముందు నుంచి మందు కూరే తుపాకీ అడిగితే, 13వ సెక్షన్ "ఇవ్వాలి" అనే అంటుంది, కాదనడానికి 14వ సెక్షన్ కారణాలు చూపించాలి. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని కూడా అందులోనే ఉంది. పది ఎకరాలుంటేనే లైసెన్సు అని ఊళ్లో చెప్పే పెద్దమనుషుల మాట వినకండి. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి, 18వ సెక్షన్ కింద అప్పీలుకి వెళ్లండి.

మిగిలినవి గబగబా. పంట కాపలా లైసెన్సు వేట లైసెన్సు కాదు, వన్యప్రాణి చట్టం దాని దారిన అది ఉంది. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికలప్పుడు డిపాజిట్ చేయమంటే అవమానంగా తీసుకోకండి, అయ్యాక వెళ్లి తెచ్చుకోవడం మర్చిపోకండి. మర్చిపోయినవాళ్లున్నారు, ఏడాది తర్వాత వచ్చి తుప్పు పట్టిందని నా మీద కోప్పడతారు. ఇచ్చేముందు గొట్టాల్లో నూనె గుడ్డ ఆడించి ఇవ్వండి.

డిపాజిట్ రసీదు మాత్రం అక్కడే నిలబడి, తుపాకీ మీద చెక్కిన నంబరుతో అంకె అంకె సరిచూసుకోండి. ఒక స్టేషన్‌లో 8 బదులు 3 పడింది. తుప్పు కింద సగం అంకె కనపడలేదట. నాలుగేళ్ల తర్వాత ఆ కుటుంబం లైసెన్సు పట్టుకుని వెళ్తే "ఈ నంబరు తుపాకీ మా దగ్గర లేదు" అన్నారు. తుపాకీ కళ్ల ముందే గోడకి ఆనించి ఉంది. ఆ ఒక్క అంకె దిద్దించడానికి నేను మూడుసార్లు వెళ్లాను.