బ్యాటరీ కింది నీళ్లు ఏ ఊరివి?

జడ్చర్ల,
డిసెంబరు మొదటి వారం

చిన్నోడా, బుజ్జమ్మా,

మొన్న పొద్దున మీరు పంపిన ఫొటోను పెద్దది చేసుకొని నాలుగైదుసార్లు చూశాను. మీ నాయిన లారీకి పక్కనుండే బ్యాటరీ పెట్టె, మూత తీసి ఉంది. రెండు బ్యాటరీల కింద రేకు మీద నీళ్లు. ఎంత లేదన్నా ఒక చాయ్ గ్లాసుడు ఉంటాయి. ఫొటో వెనకే బుజ్జమ్మ గొంతు: ‘‘తాతా, వాన పడక నెల దాటింది. లారీ కడిగి వారమైంది. మరి ఈ నీళ్లు ఎక్కడివి?’’

మీ నాయిన ‘‘ఏవో నీళ్లులే, తుడిచెయ్’’ అన్నాడని చిన్నోడు రాశాడు. ఆయన్ని ఏమీ అనకండి. మిర్యాలగూడ మిల్లుల ముందు వడ్ల లారీలు బారులు తీరే రోజులివి. లోడు దిగేదాకా ఆయన టెన్షన్ ఆయనకుంటుంది. కానీ నలభై ఏళ్లు లారీల కింద పడుకొని పనిచేసినవాణ్ణి కదా, నాకు ఆ ‘తుడిచెయ్’ అన్న మాట మనసున పట్టదు. తుడిస్తే నీళ్లు పోతాయి. అవి వచ్చిన దారి అట్లాగే ఉంటుంది. ఆ దారి మనకు చెప్పగలిగేవి ఆ నీళ్లే, వాటినేమో తుడిచేశాం.

మన దగ్గర కొత్త మనిషి కనబడితే మొదట ‘‘ఏ ఊరు బిడ్డా?’’ అని అడుగుతాం. ఈ నీళ్లనూ అట్లాగే అడుగుదాం. అయితే అడిగేముందు ఒక మాట వినాలి: వాటిని వేలితో ముట్టుకోవద్దు, వాసన చూద్దామని ముఖం దగ్గర పెట్టొద్దు. ఎందుకో చెప్తాను.

1967లో నాకు పన్నెండేళ్లు. బాదేపల్లి మార్కెట్‌కు పల్లికాయ బస్తాలతో లారీలు వచ్చేవి. మార్కెట్ దగ్గర ఒక బ్యాటరీ షాపు ఉండేది. బడి వదలగానే నేను అక్కడికి పోయి ఉస్తాద్‌కు అందివ్వడం, తుడవడం చేసేవాణ్ణి. అప్పటి బ్యాటరీలు ఇప్పటిలా ప్లాస్టిక్‌వి కావు. నల్లటి గట్టి రబ్బరు డబ్బాలు, పైన తారు పోసి మూసేవాళ్లు. ఎండకు ఆ తారు మెత్తబడి, చలికి బీటలు వారేది. ఆ ఏడు దసరాకు అమ్మ నాకు ఖాకీ లాగు కుట్టించింది. కూలి డబ్బులు మూడు నెలలు పక్కన పెట్టి కుట్టించింది. పండగ మర్నాడే దాన్ని వేసుకొని షాపుకు పోయాను. ఒక బ్యాటరీ కింద నీళ్లు కనబడ్డాయి. మామూలు నీళ్లలాగే తెల్లగా, చల్లగా ఉన్నాయి. చేతితో తుడిచి, చేతిని లాగుకు తుడుచుకున్నాను. ఏమీ కాలేదు. సాయంత్రం దాకా ఏమీ కాలేదు. రెండు రోజుల తర్వాత అమ్మ లాగు ఉతుకుతుంటే నా చేతి అచ్చు ఎక్కడ పడిందో అక్కడ గుడ్డ పిండిలా రాలిపోయింది. నాలుగు వేళ్ల పొడుగునా నాలుగు చీలికలు. అమ్మ ఒక్క మాట అనలేదు. ఆ చీలికల్లోంచి వేళ్లు పెట్టి చూసుకుంటూ చాలాసేపు చాకిరేవు దగ్గరే కూర్చుంది. ఆమె ముఖం నాకిప్పటికీ కళ్ల ముందే ఉంది.

బ్యాటరీలో ఉండేవి నీళ్లలాగే కనిపిస్తాయి గాని, తూకంలో మూడో వంతు కంటే ఎక్కువే గంధకామ్లం, అంటే సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటుంది. లీటరు నీళ్లు కిలో తూగితే, పూర్తిగా ఛార్జింగ్ ఎక్కిన బ్యాటరీలోని లీటరు యాసిడ్ కిలో 280 గ్రాముల దాకా తూగుతుంది. గుడ్డ మీద పడ్డాక నీళ్లు ఆరిపోతాయి, ఆమ్లం ఆరదు. నీళ్లు పోయేకొద్దీ అది చిక్కబడి నూలును తింటుంది. అందుకే వెంటనే ఏమీ కానట్టుండి, రెండు రోజులకు బయటపడింది.

ఇప్పుడు మీకు బ్యాటరీ లోపల ఏముందో తెలియాలి. సీసం పలకలు, రసాయనాలు అంటూ మొదలుపెడితే మీరు ఉత్తరం మూసేస్తారు. మా అమ్మ పొయ్యి దగ్గరికి రండి. ఒక బ్యాటరీ అంటే ఒకే గూట్లో పక్కపక్కన పెట్టిన ఆరు గంజులు అనుకోండి. ఒక్కో గంజు రెండు వోల్టులు, కొంచెం పైన ఇస్తుంది. ఆరూ కలిస్తే పన్నెండు. లారీకి ఇరవై నాలుగు కావాలి కాబట్టి రెండు బ్యాటరీలు, పన్నెండు గంజులు. గంజులో బియ్యం బదులు సీసం పలకలు, ఎసరు బదులు యాసిడ్. లారీ నడుస్తుంటే డైనమో దాని కింద మంట పెడుతుంది, అంటే ఛార్జింగ్ ఎక్కిస్తుంది. మూతకు సన్నటి బెజ్జం ఉంటుంది, ఆవిరి పోవడానికి.

అమ్మ అన్నం వండేటప్పుడు పొయ్యి చుట్టూ తడి కనబడిందంటే కారణాలు ఎన్నో ఉండవు. ఎసరు ఎక్కువ పోసి ఉండాలి, మంట ఎక్కువై ఉండాలి, గంజుకు చిల్లి పడి ఉండాలి, లేదా ఆ తడికీ గంజుకూ సంబంధమే లేకపోవాలి. బ్యాటరీకీ ఇంతే. మీ నాయినతో ఒక్కో గంజు మూత తీయించి ఎసరు చూడండి. (మీరు తీయొద్దు. వెలుతురు కోసం ఫోను లైటే వేయండి, అగ్గిపుల్ల మాత్రం ఎప్పుడూ గీయొద్దు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు నీళ్లు విడిపోయి హైడ్రోజన్ వస్తుంది, నిప్పు తగిలితే బ్యాటరీ పగిలి ముఖం మీద పడుతుంది. స్టీలు స్కేలు, గరిటెలాంటివి కూడా బ్యాటరీ మీద పెట్టకండి.)

అన్ని గంజుల్లోనూ ఎసరు ఒకేలా తగ్గిందా? మంట ఎక్కువైందన్నమాట. ఇరవై నాలుగు వోల్టుల లారీకి ఛార్జింగ్ 28 దగ్గర ఉండాలి. 30 దాటి అట్లాగే ఉంటే యాసిడ్ తుకతుక ఉడుకుతుంది, బెజ్జాల్లోంచి తుంపరలు ఎగురుతాయి. ఒక్క గంజులోనే తగ్గి, తక్కినవి బాగున్నాయా? ఆ గంజుకు చిల్లి, అంటే డబ్బా ఎక్కడో పగిలింది. గుంతల రోడ్డు మీద క్లాంపు వదులై బ్యాటరీ ఎగిరెగిరి పడితే అట్లా అవుతుంది. ఏ గంజులోనూ తగ్గలేదు, పైగా మూత దాకా ఉందా? ఎవరో డిస్టిల్ వాటర్ ఎక్కువ పోశారు. బియ్యం ఉడికితే ఎసరు లేచినట్టే, ఛార్జింగ్ ఎక్కుతుంటే యాసిడ్ మట్టం కూడా కొంత లేస్తుంది, పొర్లుతుంది. అందుకే పలకలు బయటపడి ఉంటే తప్ప, ఛార్జింగ్ అయ్యాకే నీళ్లు పోయాలి.

గంజి పొంగిన పొయ్యిని అమ్మ ఎట్లా పోల్చుకునేది? నీళ్లు ఆరినా పొయ్యి గడ్డ మీద తెల్లటి పొర మిగులుతుంది. బ్యాటరీ కూడా పొంగితే గుర్తులు వదులుతుంది. టర్మినళ్లకు, అంటే వైర్లు బిగించే చోట, తెల్లగానో, రాగి ఉన్నచోట నీలం, ఆకుపచ్చగానో చిలుము పడుతుంది. కింద రేకు పెయింటు పొక్కులు లేచి, తుప్పు పొరలు పొరలుగా ఊడుతుంది.

నల్లగొండ పిల్లలు కాబట్టి మీకు ఇంకో మాట చెప్పాలి. నీళ్లన్నీ ఒకటి కావని మీ జిల్లా చెప్పినంత బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. బోరు నీళ్లలో కంటికి కనబడని ఫ్లోరైడ్ ఎందరి నడుములు వంచిందో మీ ఊళ్లలో ముసలివాళ్లను చూస్తే తెలుస్తుంది. పటిక, సున్నం వేసి ఆ ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి దేశమంతా నల్లగొండ పేరే పెట్టి పిలుస్తారు. బ్యాటరీకి కూడా బోరు నీళ్లు పనికిరావు. అందులోని ఉప్పులు, ఇనుము పలకలను పాడు చేస్తాయి. మా ఉస్తాద్ వానకాలంలో మొదటి రెండు జల్లులు పోనిచ్చి, మూడో వాన నీళ్లు గాజు జాడీల్లో పట్టి గుడ్డ కట్టి దాచేవాడు. ఆ జాడీలను మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. ఆయన బడికి పోలేదు, కానీ నీళ్లను అంత గౌరవించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

సరే, మీ ఫొటోకు వద్దాం. అందులో రేకు అంచుల పెయింటు చెక్కు చెదరలేదు. టర్మినళ్లు గ్రీజు పూసుకొని నిగనిగలాడుతున్నాయి. బ్యాటరీ పైభాగం పొడిగా, దుమ్ముతో ఉంది. కాబట్టి నా మనసుకు అది యాసిడ్ అనిపించడం లేదు. మనసుకు అనిపించింది చాలదు. మీ నాయిన్ని అడిగి ఆ నీళ్ల మీద చిటికెడు వంట సోడా చల్లించండి. సుయ్‌మని నురగ లేచిందా, యాసిడ్ ఉన్నట్టే. బోలెడు నీళ్లతో కడగాలి, లారీని షాపుకు తీసుకుపోవాలి. ఊరికే నానిపోయిందా, మామూలు నీళ్లే. సోడా చల్లేటప్పుడు బ్యాటరీ మూతలన్నీ బిగించి ఉండాలి, లోపల పడితే యాసిడ్ బలం చస్తుంది.

మామూలు నీళ్లే అయితే మరి ఎక్కడివి? చల్లటి స్టీలు గ్లాసుకు చెమట పట్టినట్టు, పొద్దున బ్యాటరీకీ పడుతుంది. సీసం, యాసిడ్‌తో నిండి బరువుగా ఉంటుంది కాబట్టి రాత్రి చలిని అది తొందరగా వదలదు. తడిగాలి తగిలితే పక్కల మీద చుక్కలు నిలుస్తాయి. కానీ చుక్కలు చుక్కలే, వాటితో చాయ్ గ్లాసు నిండదు.

నాకు ఫొటోలో ఇంకోటి కనబడింది. పెట్టె మీదికి టార్పాలిన్ మూల వేలాడుతోంది. లారీలో కొత్త వడ్లు. కొన్నప్పుడు నూటికి 17 పాళ్ల దాకా తేమ ఉన్నా సర్కారు తీసుకుంటుంది, కాబట్టి ఆ బస్తాల్లో ఎంత నీరు దాగి ఉందో మీరే లెక్కవేయండి. కొత్త వడ్లు ఊరికే ఉండవు, ఊపిరి పీలుస్తాయి, వెచ్చబడతాయి. ఆ వెచ్చటి తేమ పైకి లేచి, రాత్రి చల్లబడ్డ టార్పాలిన్ అడుగున చుక్కలు కడుతుంది. మీ అమ్మ గంజు మూత తీసినప్పుడు లోపలివైపు నీళ్లు చూశారు కదా, అదే. పైనుంచేమో మంచు. లోపలి తడి, బయటి తడి కలిసి వాలు ఎటుంటే అటు పారి, ఒక మూలకు చేరి, అక్కడ్నుంచి బొట్టుబొట్టుగా కారతాయి. కింద బ్యాటరీ పెట్టె ఉంటే అందులోకే. పెట్టె రేకుకు నీళ్లు పోవడానికి ఒక బెజ్జం ఉంటుంది. వడ్ల లారీల్లో అది ఊకతో, మట్టితో పూడిపోవడం నేను ఎన్నిసార్లు చూశానో.

ఇదే నిజమైతే ఒక్కసారి ఆలోచించండి. 1967లో, నా లాగు చిరిగిన ఆ ఏడే, ఆగస్టులో నాగార్జునసాగర్ కాల్వల్లోకి నీళ్లు వదిలారు. మా పాలమూరులో తాగడానికే నీళ్లు లేని రోజుల్లో ఆ కబురు మా నాయిన పేపర్లో రెండుసార్లు చదివించుకొని విన్నాడు. ఆ ఎడమ కాల్వ నీళ్లే మీ మిర్యాలగూడ మడులను తడుపుతాయి. కృష్ణలోంచి కాల్వలోకి, కాల్వలోంచి మడిలోకి, వరి వేరులోకి, కంకిలోకి, గింజలోకి పోయి, ఆ గింజలోంచి ఊపిరిగా లేచి, టార్పాలిన్‌కు అంటుకొని, రాత్రి చలికి బొట్టు కట్టి మీ నాయిన బ్యాటరీ కింద కూర్చున్నాయేమో ఆ నీళ్లు! ఇంత దూరం నడిచి వచ్చినవాటిని ‘ఏవో నీళ్లులే’ అంటే ఎట్లా?

నేను ఇక్కడ కూర్చొని చెప్పేది తప్పు కావచ్చు. మీరు పోయి చూడాలి. ఈ రాత్రి లారీ ఇంటి ముందుంటే, నాయినతో ఆ రేకును పొడిగా తుడిపించండి. బెజ్జంలో పుల్ల పెట్టి ఊక తీయించండి. తర్వాత బుజ్జమ్మ ముగ్గుపిండి డబ్బా తీసుకొని రా. బ్యాటరీ మీద పడకుండా, కింద రేకు మీద, పెట్టె గోడల మీద పల్చగా చల్లండి. మూత పెట్టి పడుకోండి. తెల్లవారి సూర్యుడు రాకముందే, నాయిన సెల్ఫ్ కొట్టకముందే లేవాలి. ఎండ పడితే దారి ఆరిపోతుంది. మూత నెమ్మదిగా ఎత్తి, ఫోను లైటు వేసి చూడండి. నీళ్లు ఎటునుంచి నడిచి వచ్చాయో అక్కడ ముగ్గు తడిసి గీత పడి ఉంటుంది.

ఆ గీత టార్పాలిన్ మూల కిందనుంచి మొదలైందా, బ్యాటరీ అడుగునుంచా? చిన్నోడు బొమ్మ గీసి పంపాలి. ఫొటో వద్దు, చేత్తో గీసిన బొమ్మే కావాలి.

మీ తాత