డ్రైవరు వెనుక కూర్చున్న కారు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

కార్ల గురించి మీరు అంత ఇష్టంగా మాట్లాడుకుంటారు కనుక, నాకు ఎంతో నచ్చిన బెదేలియా అనే చిన్న ఫ్రెంచి కారు కథ రాస్తున్నాను. 1910లో పారిస్‌లో రోబేర్ బూర్బో, ఆన్రి దెవో అనే ఇద్దరు యువకులు దీని తయారీ మొదలుపెట్టారు. కారు అంటే సంపన్నుల సొత్తుగా ఉన్న ఆ రోజుల్లో, మోటారు సైకిలు కొనగలిగినవారికి నాలుగు చక్రాల బండి కూడా అందాలన్నది వారి ఆలోచన. అందుకే తప్పనిసరి కాని భాగాలన్నిటినీ వదిలేశారు.

బండి ఎంత సన్నగా ఉండేదంటే ఇద్దరు పక్కపక్కన కూర్చోవడానికి చోటుండేది కాదు. ప్రయాణికుడు ముందు, డ్రైవరు అతని వెనుక కూర్చునేవారు. స్టీరింగు తిప్పితే తీగలు లాగి, ముందు ఇరుసు మొత్తం గుర్రపు బండి ఇరుసులా నడిమధ్య నుంచి తిరిగేది. ఇంజను శక్తి బెల్టుల ద్వారా వెనుక చక్రాలకు చేరేది. మలుపులో బయటివైపు చక్రం ఎక్కువ దూరం తిరగాలి కదా, పెద్ద కార్లలో అందుకు డిఫరెన్షియల్ అనే ఖరీదైన పళ్లచక్రాల అమరిక ఉంటుంది. ఇక్కడ బెల్టు కాస్త జారడంతోనే ఆ పని జరిగిపోయేది. ఈ ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటగొలుపుతుంది. గేరు మార్చడం మాత్రం ఒక్కడి వల్ల అయ్యేది కాదు, దానికి డ్రైవరూ ప్రయాణికుడూ ఇద్దరూ చెయ్యి వేయాల్సిందే.

ఇలాంటి తేలిక బండ్లను సైకిల్‌కార్లు అనేవారు. 1913లో ఫ్రాన్సులోని అమియాఁ పట్టణంలో జరిగిన సైకిల్‌కార్ల పందెంలో ఇంగ్లాండుకు చెందిన మోర్గన్ అనే మూడు చక్రాల బండి ముందుగా గమ్యం చేరినా, మూడు చక్రాల బండి ఆ వర్గంలోకి రాదని తేల్చి, బూర్బో నడిపిన బెదేలియాను విజేతగా ప్రకటించారు. ఆ తీర్పు నాకు న్యాయంగా తోచదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గాయపడినవారిని స్ట్రెచరుపై తీసుకువెళ్లేందుకు వీలుగా బెదేలియాలో ఒక రకాన్ని తయారుచేశారు.

యుద్ధం తరువాత తయారీ హక్కులు చేతులు మారాయి. బరువు 350 కిలోలు, ఇంజను పరిమాణం 1100 సీసీ మించని బండ్లకు ఫ్రాన్సులో పన్ను తగ్గించడంతో సైకిల్‌కార్లకు కొంతకాలం గిరాకీ నిలిచింది. కానీ 1922లో సిత్రోయెన్ సంస్థ నాలుగు సిలిండర్ల ఇంజను, ఎలక్ట్రిక్ స్టార్టరు ఉన్న 5సీవీ కారును అమ్మకానికి తెచ్చింది. అసలైన కారే చిన్నదై, మామూలు కుటుంబాలకు అందుబాటులోకి వచ్చాక, వానలో తడిసి జారే బెల్టులతో అవస్థపడవలసిన అవసరం కొనేవారికి లేకపోయింది. 1925తో బెదేలియా తయారీ ఆగిపోయింది.

ఇట్లు,
మీ తాతయ్య