కాలేజీ నాటకం ‘కన్యాశుల్కం’ దగ్గరే ఎందుకు ఆగింది?

తెలుగు ఎం.ఏ. విద్యార్థుల్ని ఆధునిక నాటకం గురించి అడిగితే ‘కన్యాశుల్కం’ మీద గంటసేపు మాట్లాడతారు. తర్వాతి నాటకాల్లో ఒక్కటి చెప్పమంటే ఆత్రేయ ‘ఎన్.జి.వో.’ దాకా వచ్చి తడుముకుంటారు. పక్క గదిలో ఇంగ్లిష్ ఎం.ఏ. వాళ్ళు గిరీశ్ కర్నాడ్ ‘తుగ్లక్’, విజయ్ తెండూల్కర్, బాదల్ సర్కార్ చదువుతుంటారు. కన్నడ, మరాఠీ, బెంగాలీ నాటకాలు ఇంగ్లిష్‌లోకి మారి మన కాలేజీకి చేరాయి. తెలుగు నాటకం మాత్రం తెలుగు విద్యార్థికి చేరలేదు.

మొదట్లో ఇలా లేదు. ఆధునిక తెలుగు నాటకం వేదికెక్కిందే విద్యార్థుల భుజాల మీద. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి ఆడి వెళ్ళింది. వాళ్ళు వేసుకున్న పాకలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత నాటకాలు ఆడించారు. వాటిలో షేక్‌స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’కు తెలుగు రూపం ‘చమత్కార రత్నావళి’ ఒకటి. ఆ రోజుల్లోనే ప్లీడర్ల అక్రమాల మీద ‘వ్యవహార ధర్మబోధిని’ కూడా వేయించారు. పాఠం చెప్పే పంతులుగారే నాటకం రాసి, నేర్పి, ఆడించేవారు. (ఇప్పటి కాలేజీ వార్షికోత్సవంలో సినిమా పాటల డాన్సులకే టైము చాలదు.)

గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శనకు వచ్చింది, 1897లో అచ్చయింది. 1909 నాటి రెండో కూర్పు ఏడంకాలకు పెరిగింది. పూర్తిగా ఆడితే రాత్రంతా చాలదు. అందుకే 1950ల నుంచి గిరీశం వేషం కట్టిన జె.వి. రమణమూర్తి దాన్ని బాగా కుదించుకుని ఆడారు. క్లాసులో చదివే కన్యాశుల్కం వేరు, జనం చూసిన కన్యాశుల్కం వేరు. ఏ మాట ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది అసలైన నాటక పాఠమని నా అభిప్రాయం. పరీక్షలో మాత్రం వచ్చేది గిరీశం పాత్రచిత్రణ.

చదువుకీ ఆటకీ మధ్య ఈ తెగిన దారిని కలపాలని గట్టిగా ప్రయత్నించినవారు ఆంధ్ర విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుగా పనిచేసిన కె.వి. గోపాలస్వామి. 1940ల్లో ఆయన వాల్తేరులో ప్రయోగాత్మక రంగస్థలాన్ని నడిపారు. అంతర్ కళాశాలల నాటిక పోటీలు పెట్టించారు. కాలేజీ కుర్రాళ్ళు కొత్త నాటికల కోసం రచయితల వెంట పడ్డారు. అయితే అదంతా సాయంత్రాల వ్యవహారం. మార్కులిచ్చే పేపర్లోకి రాలేదు.

నాటక పోటీలు నడిపే పరిషత్తుల పాత్ర ఇంకా పెద్దది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. కాలక్రమంలో ఊరూరా పరిషత్తులు, పోటీలు వెలిశాయి. పోటీకి గంట నాటిక కావాలి, ఒకే సెట్టు, వీలైతే ఒక్క ఆడపాత్ర. నటీమణిని బయటినుంచి పిలిపించుకోవాలి, పారితోషికం ఇవ్వాలి కదా! ఎన్.ఆర్. నంది, గొల్లపూడి మారుతీరావు, గణేశ్ పాత్రో వంటివాళ్ళు ఈ వేదికల మీదే పేరు తెచ్చుకున్నారు. ‘మరో మొహెంజొదారో’లో నంది చేసిన ప్రయోగం చిన్నది కాదు. కానీ పరిషత్తు నాటిక చాలామటుకు ఒక నాటక సమాజం నుంచి మరో నాటక సమాజానికి రాతప్రతిగానో, తర్వాత జిరాక్స్‌గానో తిరిగింది. బహుమతి వచ్చాక కొత్త స్క్రిప్టు వేట మొదలు. పుస్తకంగా వచ్చినవి తక్కువ, వచ్చినా మళ్ళీ అచ్చు కానివే ఎక్కువ. దుకాణంలో దొరకని పుస్తకాన్ని పాఠ్యంగా పెట్టడానికి ఏ పాఠ్యప్రణాళిక సంఘమూ సాహసించదు.

నాటకాన్ని విద్యగా నేర్పే ఏర్పాటు విడిగా పెరిగింది. ఢిల్లీలో 1959లో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా వచ్చింది. మన దగ్గర ఆంధ్ర విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయం, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లో రంగస్థల శాఖలు ఏర్పడ్డాయి. అక్కడ నటన, దర్శకత్వం, లైటింగు నేర్పుతారు. తెలుగు శాఖతో వాటికి పెద్దగా రాకపోకలు లేవు. లెక్చరర్ ఉద్యోగాలకు అర్హత చూసే నెట్ పరీక్షలోనూ తెలుగు ఒక సబ్జెక్టు, నాటకం ఇంకొకటి. రంగస్థలంలో పీజీ చేసినవాళ్ళకి మామూలు డిగ్రీ కాలేజీలో పోస్టే ఉండదు, వాళ్ళు టీవీకో సినిమాకో వెళ్తారు. డిగ్రీ క్లాసులో నాటకం చెప్పాల్సింది తెలుగు లెక్చరరే. ఆ లెక్చరరు తన చదువులో ఒక్కసారైనా రిహార్సల్‌లో నిలబడాలన్న నిబంధన ఎక్కడా లేదు.