శుభం కార్డు ముందే రాసుకున్న కథలు: టీవీ సీరియళ్ళ ముగింపు వెనుక చరిత్ర

డైలీ సీరియళ్ళ గురించి ప్రేక్షకులు చేసే ఫిర్యాదులు పైకి రెండుగా కనిపిస్తాయి. కథను ఏళ్ళ తరబడి సాగదీస్తున్నారన్నది ఒకటి. ఇష్టంగా చూస్తున్న కథను ఉన్నట్టుండి నాలుగు ఎపిసోడ్లలో చుట్టేశారన్నది రెండోది. నిజానికి ఈ రెంటికీ మూలం ఒక్కటే: కథ ఎక్కడ ముగియాలో మొదలుపెట్టిన నాడు ఎవరూ నిర్ణయించకపోవడం. రోజుకు కొంత చొప్పున కథ చెప్పే పద్ధతి మనకు టీవీతో రాలేదు. ముగింపు తేల్చుకోకుండా కథ మొదలుపెట్టడమే టీవీతో వచ్చింది, అదీ టీవీ వచ్చిన చాలా ఏళ్ళకు.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్ళలో జరిగే భారతం ఇందుకు మనకున్న దగ్గరి సాక్ష్యం. పుత్తూరు, శ్రీకాళహస్తి వంటి పట్టణాల నుంచి చిన్న పల్లెల దాకా, చాలాచోట్ల పద్దెనిమిది రోజుల పాటు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం నడుస్తాయి. బకాసుర వధ నాడు భీముడి వేషధారి బండి మీద అన్నం పెట్టుకొని ఊరంతా తిరుగుతాడు. అర్జున తపస్సు నాడు వేషధారి పద్యాలు పాడుకుంటూ ఎత్తయిన తపస్సు మాను ఎక్కి పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసిరితే, సంతానం కోరుకునే స్త్రీలు వాటి కోసం కింద ఎదురుచూస్తారు. చివరి రోజు ఉదయం నేల మీద మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి బొమ్మ దగ్గర గదాయుద్ధం జరుగుతుంది, తొడ విరిగిన తరువాత ద్రౌపది జుట్టు ముడివేసుకుంటుంది, సాయంత్రం భక్తులు అగ్నిగుండం తొక్కుతారు.

ఈ వరుస అక్కడ కూర్చున్న పిల్లలకు కూడా తెలుసు. నిండు సభలో విడివడిన జుట్టు దుర్యోధన వధతోనే ముడిపడుతుందని తెలిసినంత మాత్రాన ఆసక్తి తగ్గదు. తెలిసినందువల్లే నడుమ వచ్చే ప్రతి రాత్రికీ ఒక దిక్కు ఏర్పడుతుంది. కీచక వధ ఆడినా, కృష్ణ రాయబారం ఆడినా, ఆ ముడికి ఎంత దగ్గరయ్యామన్న లెక్క ప్రేక్షకుడి మనసులో నడుస్తూనే ఉంటుంది. రాయబారం దగ్గర కథకుడు గంటల తరబడి నిలబడిపోయినా ఎవరూ దాన్ని సాగదీత అనరు, ఎందుకంటే సంధి కుదరదని అందరికీ తెలిసిన చోట ప్రతి మాటకూ బరువు ఉంటుంది. నిడివి వేరు, సాగదీత వేరు అన్న సంగతి ఇంతకంటే స్పష్టంగా మరెక్కడా కనిపించదని నా నమ్మకం.

వారపత్రికల్లో వచ్చిన ధారావాహిక నవలలకు కూడా ఈ కట్టుబాటు కొంత ఉండేది. పాఠకుల ఆదరణను బట్టి నాలుగు వారాలు పెరిగినా, చివరికి అది ఒక పుస్తకంగా అచ్చు కావాలి గనుక రచయిత ఎక్కడో ఒకచోట ఆపక తప్పేది కాదు.

దూరదర్శన్ తొలి రోజుల్లో ముగింపును నిబంధనలే కాపాడాయి. సీరియళ్ళకు పదమూడు ఎపిసోడ్ల లెక్కన అనుమతి ఇచ్చేవారు. బాగుంటే ఇంకొన్నింటికి పొడిగించేవారు. 1984 జూలైలో మొదలైన 'హమ్ లోగ్' ఆలోచన మెక్సికో నుంచి వచ్చింది. అక్కడ మిగెల్ సబీదో అనే టీవీ నిర్మాత కుటుంబ నియంత్రణ వంటి విషయాలను నాటకీయ కథల్లో కలిపి చెప్పిన తీరు మన ప్రసార శాఖను ఆకర్షించింది. ఆ దేశపు ధారావాహికలు నెలల పాటు సాగి, అనుకున్న చోట ముగిసేవి. 'హమ్ లోగ్' సైతం 1985 డిసెంబరులో పూర్తయింది. 1987 జనవరిలో మొదలైన 'రామాయణ్'ను 52 ఎపిసోడ్లుగా అనుకున్నా, ఆదరణ వల్ల పొడిగిస్తూ పోయి 78 దగ్గర ముగించారు. నిడివి పెరిగింది గాని, కథ చేరవలసిన చోటు మారలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల షూటింగులు ఆగిపోయినప్పుడు, మూడు దశాబ్దాల నాటి ఆ సీరియల్‌నే మళ్ళీ మొదటి నుంచి చివరి దాకా వేయగలిగారంటే, అది మొదలూ తుదీ ఉన్న కథ కావడం కూడా ఒక కారణం.

1995లో ఈటీవీ, జెమిని ప్రారంభమైన తరువాత లెక్క మారింది. వారానికి ఒకరోజు వచ్చే సీరియల్ క్రమంగా రోజూ వచ్చేదైంది. నిర్మాతకు డబ్బు ఎపిసోడ్ల లెక్కన అందుతుంది. కొత్త సీరియల్ మొదలుపెట్టాలంటే సెట్టు, ప్రోమోలు, ప్రచారం అన్నీ మొదటి నుంచి చేయాలి. అలవాటైన సీరియల్‌ను పొడిగిస్తే ఆ ఖర్చు ఉండదు. పైగా ఎంతమంది చూస్తున్నారో చెబుతూ ప్రతి గురువారం వచ్చే టీఆర్పీ అంకె తరువాతి వారం కథను నడిపిస్తుంది. అంకె బాగున్నంత కాలం రచయిత ముగించకూడదు, పడిపోతే రెండు వారాల్లో ముగించాలి. ఈ రెండు ఆజ్ఞల మధ్య కూర్చొని రాసే మనిషికి చివరి సన్నివేశం ముందే ఊహించుకోవడం దండగ పని అవుతుంది. తెర మీద దాని ఫలితం అందరికీ తెలిసిందే: ఒక్క మాట అనగానే గదిలో ఉన్న ఎనిమిది మంది ముఖాలను మూడేసి సార్లు చూపించి, జవాబు రాకముందే ఆ రోజు ఎపిసోడ్ ముగించడం. అది దర్శకుడి చేతకానితనం కాదు, రేపటికి కూడా మిగల్చవలసి రావడం.

స్టార్ మాలో 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా 1,569 ఎపిసోడ్లు నడిచిన 'కార్తీకదీపం' ఈ పరిస్థితికి పెద్ద ఉదాహరణ. తెలుగు ఇళ్ళలో అంతగా ప్రేమించిన సీరియళ్ళు తక్కువ. నటీనటుల శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కథకు కేంద్రం భార్య మీద భర్తకు కలిగిన అనుమానం. భర్త డాక్టరు. ఒక్క డీఎన్ఏ పరీక్షతో తేలిపోయే సందేహాన్ని ఏళ్ళ పాటు నిలపవలసి వచ్చినప్పుడు, మొదట్లో బాధగా తోచిన అతని మూర్ఖత్వం తరువాత నమ్మశక్యం కానిదైంది. 2022లో ప్రధాన జంట ప్రమాదంలో మరణించినట్టు చూపి, కథను పెద్దవాళ్ళైన కూతుళ్ళ మీదికి మళ్ళించారు. అది ప్రేక్షకులకు రుచించక, కొన్ని నెలలకే ఆ ఇద్దరినీ బతికించి మళ్ళీ తెచ్చారు. పోయిన మనిషి తిరిగి రావచ్చని ఒకసారి తెలిసిపోయాక, తరువాత ఏ పాత్ర ప్రాణాపాయంలో పడినా చూసేవారి గుండె అంతగా కొట్టుకోదు. ముగింపు ముందే తెలిసిన రచయిత చావును అంత తేలికగా ఖర్చు చేయడు.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 'లాస్ట్' సీరియల్ మూడో సీజనులో కథానాయకుడి పచ్చబొట్ల వెనుక కథకే దాదాపు ఒక ఎపిసోడ్ కేటాయించవలసి వచ్చింది. ఎన్నాళ్ళు నడపాలో తెలియనప్పుడు కథ ఇలాగే పక్కదారి పడుతుందని నిర్మాతలు ఛానెల్‌కు నచ్చజెప్పారు. 2007 మేలో, మరో 48 ఎపిసోడ్లతో 2010లో ముగిస్తామని ముందుగానే ప్రకటించారు. అంత ఆదరణ ఉన్న సీరియల్‌కు మూడేళ్ళ ముందు ముగింపు తేదీ పెట్టడం వ్యాపారపరంగా చిన్న నిర్ణయం కాదు. దాని చివరి ఘట్టం అందరికీ నచ్చలేదన్నది నిజమే. ముందే నిర్ణయించిన ముగింపు మంచి ముగింపే అవుతుందన్న హామీ ఏమీ లేదు; దారిలో ప్రతి ఎపిసోడ్‌కూ పని ఉంటుందన్నంత వరకే.

ప్రతి సీరియల్‌కూ ఇది అవసరమని కూడా అనలేము. 2001 నుంచి 2007 దాకా నడిచిన 'అమృతం'లో ఏ వారం కథ ఆ వారానిదే. దానికి చివర ఎక్కడన్న ప్రశ్నే రాదు. సీరియల్ ఒక తోడు, దాన్ని ఎందుకు ఆపాలి అని అడిగే పెద్దవాళ్ళ మాటలో కూడా న్యాయం ఉంది. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండేవారికి సాయంత్రం తెలిసిన ముఖాలు కనిపించడం చిన్న విషయం కాదు. అయితే ఆ తోడు ఇచ్చే కథ ఒక రహస్యం మీదో, ఒక శపథం మీదో, ఒక అన్యాయం మీదో నిలబడినప్పుడు, అది తీరే రోజు ఉందన్న నమ్మకంతోనే వారు రోజూ టీవీ ముందు కూర్చుంటారు.

ఓటీటీలో తెలుగులోకి డబ్బింగ్ అయి వస్తున్న కొరియన్ సీరియళ్ళు చాలావరకు పదహారు ఎపిసోడ్లకు అటూ ఇటూగా ముగుస్తున్నాయి. డైలీ సీరియల్ అంత చిన్నది కానవసరం లేదు. రెండు వందల ఎపిసోడ్లు కావచ్చు, ఐదు వందలు కావచ్చు. ఆ సంఖ్యతో పాటు చివరి ఘట్టం సారాంశం కూడా ఛానెల్‌కూ నిర్మాతకూ మధ్య కుదిరే ఒప్పందంలో మొదటి రోజే ఉంటే, టీఆర్పీ అంకె పెరిగినప్పుడు నడుమ ఘట్టాలను విస్తరించే వీలు ఎలాగూ ఉంటుంది, 'రామాయణ్'కు చేసినట్టే. అంకె పడిపోయినప్పుడు కూడా రచయిత చేతిలో చివరి పేజీ సిద్ధంగా ఉంటుంది గనుక, రెండు వారాల గడువులోనైనా కథను దాని చోటికి చేర్చగలుగుతాడు.