సర్వి తోట కొట్టడం, కట్టె తోలడం: అపోహలు - వాస్తవాలు

బాపట్ల, చీరాల వైపు ఇసుక నేలల్లో సర్వి తోటలు (సరుగుడు అని రాస్తారు, మా నోట సర్వి) కొని కొట్టించడం నా పని. నిటారుగా ఉన్న కర్ర సెంట్రింగుకో పేపరు మిల్లుకో పోతుంది, మిగతాది హోటళ్లకీ పెళ్లివంటల వాళ్లకీ ఇటుక బట్టీలకీ నేను తోలతాను. తోట అమ్మే రైతు దగ్గరా, కట్టె కొనే ఆసామి దగ్గరా రోజూ అవే మాటలు వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

అపోహ: టన్ను అంటే టన్నే, ఎప్పుడు తూచినా ఒకటే.

వాస్తవం: కాదండీ. కొట్టిన రోజు టన్ను కట్టెలో 450 కిలోలు నీళ్లే ఉన్నాయనుకోండి, పచ్చి కట్టెకి అదేం వింత లెక్క కాదు. నూటికి 20 పాళ్ల తేమ మిగిలేదాకా ఆరితే అదే కట్టె 690 కిలోల దగ్గర తూగుతుంది. ఒక్క పుల్ల ఎవరూ ఎత్తుకుపోలేదు, 310 కిలోలు గాలిలో కలిసిపోయాయి. అందుకే టన్ను లెక్కన అమ్మే రైతు కొట్టిన రోజే కాటా వేయించుకోవాలి. "లారీ రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది" అంటూ కొన్నవాడు వారం లాగాడంటే ఆ వారం ఎండ ఖరీదు రైతు జేబులోంచే పోతుంది. ఎలా తెలుసంటారా, మొదట్లో నేనూ అలా లాగినవాడినే. కట్టె కొనేవాళ్లకి ఇదే లెక్క తిరగబడుతుంది. పచ్చి కట్టె చవగ్గా వచ్చిందని సంబరపడి నీళ్లు కొనుక్కుంటారు.

ఆరిందో లేదో చూడాలంటే రెండు ముక్కలు తీసుకుని ఒకదానికొకటి కొట్టండి. ఆరితే ఖంగుమంటుంది, పచ్చిదైతే తడిగుడ్డ మీద కొట్టినట్టు దబ్‌మంటుంది. కోసిన మొహం మీద నడిమి నుంచి అంచుకి నెర్రెలు వచ్చాయా చూడండి. బెరడు గోటితో లేస్తే ఇంకా మంచిది.

అపోహ: సర్వి పచ్చిదైనా మండుతుంది, ఆరబెట్టడం దండగ.

వాస్తవం: మండుతుంది, అందులో అబద్ధం లేదు. ఆ గుణానికే దీనికింత గిరాకీ. కానీ లోపలున్న నీళ్లు ఆవిరయ్యేదాకా కొంత వేడి దానికే ఖర్చవుతుంది, పొగ వంటవాడి కళ్లలోకి, మసి గుండిగ అడుగుకి. లావు దుంగలు చీల్చి, కింద రెండు కర్రలు అడ్డంగా వేసి నేల తగలకుండా పేర్చండి. పైన మాత్రమే కప్పి పక్కలు గాలికి వదిలేయండి. చాలామంది టార్పాలిన్ నాలుగు వైపులా చుట్టి తాళ్లు బిగించి, నెల తర్వాత విప్పి బూజు చూసి నన్ను తిడతారు.

అపోహ: వాన పడ్డాక తోటలోకి బండి దించకూడదు.

వాస్తవం: నల్లరేగడి వాళ్లకి ఇది వేదం. మా ఇసుకలో మాత్రం దీనికి తలకిందులు. ఎండు ఇసుకలో టైరు తిరిగేకొద్దీ గొయ్యి తవ్వుకుంటుంది, చిన్న వాన పడితే అదే ఇసుక గట్టిపడి లోడు ట్రాక్టరు హాయిగా నడుస్తుంది. నేను వాన మర్నాడే తోలకం పెట్టుకుంటాను. వాన లేకపోతే బాటలో సర్వి మండలు పరిపించి వాటి మీదుగా లాగుతాను. ఇంకోటి, రెండు చక్రాల ట్రక్కులో బరువంతా వెనక్కి పేరిస్తే ముందు కొక్కెం పైకి లేచి ట్రాక్టరు వెనక టైర్లకి పట్టు పోతుంది, అప్పుడు ఇసుకనీ వాననీ తిట్టి లాభం లేదు.

అపోహ: చెట్టు ఎటు వంగి ఉంటే అటే పడుతుంది, మనం చేసేదేముంది.

వాస్తవం: కాస్త వంగిన చెట్టుని తిప్పుకోవచ్చు. పడాల్సిన వైపు ముందుగా చెక్కు తీసి, వెనక నుంచి దానికంటే కొంచెం పైన కోత పెట్టి, మధ్యలో బొటనవేలు మందం కట్టె కోయకుండా వదలాలి. ఆ వదిలిన కట్టే తలుపు బందులా చెట్టుని నడిపిస్తుంది. తొందరపడి అదీ కోసేస్తే చెట్టు దాని ఇష్టం.

అసలు భయం తుఫాను తోటలతో. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటాక పడిపోయిన తోటలు చవగ్గా వస్తున్నాయని అందరూ ఎగబడ్డారు, నేనూ వెళ్లాను. విరిగిన చెట్టు ఏమీ చెయ్యదు. విరగకుండా వంగి, తల ఇంకో చెట్టు కింద ఇరుక్కున్నది లాగిపట్టిన విల్లు. మా ముఠాలో ఓ కుర్రాడు అలాంటిదాన్ని ఉబ్బిన వైపు నుంచి చైను రంపం మిషన్‌తో ఒక్కసారిగా కోశాడు. అది చీలి లేచి దవడకి తగిలింది, మూడు కుట్లతో బయటపడ్డాడు. వంపు లోపలి వైపు నుంచి గీకినట్టు కొంచెం కొంచెం కోసి బిగువు వదిలించాలి, అది లేచే దారిలో మనిషి ఉండకూడదు. అప్పటి నుంచి అలాంటి చెట్లు నేనే కోస్తున్నాను.

అపోహ: మిషన్ పాతబడింది, అందుకే కోత పడట్లేదు.

వాస్తవం: కింద రాలేది చూడండి. చిన్న చిన్న చెక్కులు రాలితే చైను బాగున్నట్టు, పిండిలా రాలితే ఆకురాయి పట్టాల్సిందే. ఇసుకలో ఒక్కసారి మొన తగిలినా పదును పోతుంది.

అపోహ: నా పొలం, నా చెట్టు, ఎవరినీ అడగక్కర్లేదు.

వాస్తవం: సర్వి, జామాయిల్, సుబాబుల్ లాంటి వాటికి సడలింపులున్నాయి కాబట్టి ఈ మాట పుట్టింది. గట్టు మీద టేకు కూడా అదే లారీలో వేద్దామంటే కుదరదు. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, అటవీ శాఖ పర్మిట్లు ఉన్నాయి. ఎర్రచందనం సంగతి చెప్పక్కర్లేదు.

అపోహ: కొట్టేస్తే మళ్లీ చిగురేస్తుంది.

వాస్తవం: జామాయిల్ మోడు పిలకలేస్తుంది, సుబాబుల్ అయితే వద్దన్నా వేస్తుంది. మా పాత రకం సర్వి మోడు మీద ఆశ పెట్టుకోకండి, మళ్లీ నారు నాటాల్సిందే. అందుకే మొద్దులు కూడా తవ్వి అమ్ముతారు, బట్టీల వాళ్లు ఇష్టంగా కొంటారు. బేరంలో అందరూ మర్చిపోయేది ఈ మొద్దులనే. గుత్తకి కొన్నాను కదా నావే అని నేననుకుంటాను, కర్ర వరకే అమ్మాను అని రైతు అనుకుంటాడు. పోయినేడాది ఒక తోటలో గడ్డపారలు పట్టుకుని ఆరుగురం వెళ్లేసరికి అప్పటికే వేరేవాళ్లు సగం తవ్వేసుకున్నారు. ఆ ఇంటి అమ్మగారు వాళ్లకి అమ్మేశారట. చేలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి పంపించారు.